నాలుగు చీటీల చావు

కొండప్ప ఆ రోజు పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగడం, వంటింటి తలుపు వెనక గోడ మీద ఉన్న పనుల పట్టీ చూడటం, ఒకసారి నిట్టూర్చి మళ్లీ మంచం ఎక్కడం. ఏడేళ్లుగా ఈ ప్లాను ఒక్కరోజు కూడా తప్పలేదు. ముళ్లగుట్టపల్లెలో వానలు తప్పాయి, బోర్లు తప్పాయి, శనక్కాయ పంట వరసగా తప్పుతూనే ఉంది. తప్పకుండా జరిగేది ఇదొక్కటే.

గోడ మీద సుద్దముక్కతో రాసిన పనులు పదకొండు. కొట్టం, ఎరువు, ఫోటో, ఒడియాలు, ఇలా ఒక్కొక్కటీ ఒక్క మాటే. నాలుగో తరగతి తప్పిన మనిషి అంతకంటే పొడుగ్గా రాయడు. రాసిన రోజు తలుపు వెనక గోడ ఎంత నిండి ఉందో, ఈ రోజుకీ అంతే నిండి ఉంది.

ఆ పొద్దున మాత్రం పట్టీ ముందు కూతురు మౌనిక నిలబడి ఉంది. బెంగళూరులో ఒక కంపెనీలో ఆమెకు ఉద్యోగం. ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో బోర్డు మీద రాసి, వాళ్లు చేసేదాకా వెంటపడటమే ఆమె పని. అట్లాంటి పిల్ల నాలుగు రోజుల సెలవు మీద ఇంటికొచ్చి ఈ గోడను చూసింది.

"ఇదేంది నాయనా?"

"పనులు మా."

"ఇవి పనులు కావు."

కొండప్ప నొచ్చుకున్నాడు. "ఏడేండ్లుగా చేయకుండా ఉండా. పనులు కాకపోతే యాల చేయకుండా ఉంటా?"

"ఇవన్నీ ప్రాజెక్టులు నాయనా."

"ప్రాజెక్టా? మన పక్కకి ప్రాజెక్టు వస్తాది, నీల్లొస్తాయి అని మీ అబ్బ కాలం నుంచీ చెప్తాండారు. మన వంటింట్లోనే పదకొండు ఉండాయా?"

మౌనిక నవ్వలేదు. ఆఫీసులో ఇంతకంటే మొండివాళ్లను చూసిన పిల్ల. "ఇట్ల చూడు. 'కొట్టం' అని రాసినావు. నువ్వు ఇప్పుడు లేసి కొట్టం చేయగలవా?"

"యాడ చేస్తా. ముందు పుచ్చిపోయిన బొంగులు తీయల్ల, కొత్తవి తేవల్ల, తాడు తేవల్ల, నలుగురిని పిలవల్ల..."

"అదే. అది ఒక పని కాదు, పది పనులుండాయి దాంట్లో. అందుకే ఆ మాట చూస్తానే నీకు ఆయాసమొచ్చి పోయి పండుకుంటావు. మొట్టమొదట చెయ్యి చేసే పని ఏందో, అది రాయల్ల. అది పని. మిగిలిందంతా ప్రాజెక్టు."

కొండప్పకు ఇది కొత్తగా తోచింది. ఇన్నాళ్లూ తాను సోమరి అని భార్య హనుమక్క అంటూంటే నమ్మాడు. తప్పు తనది కాదనీ, రాతదనీ ఇప్పుడు తెలిసింది. ఆనందంగా మంచం అంచున కూర్చుని ఒక్కొక్కటే చెప్పసాగాడు. మౌనిక పాత క్యాలెండరు కాగితాల వెనక రాస్తూ పోయింది.

కొట్టానికి ముందు వెదురు బొంగులు రెండు, తాడు. కొట్టం కట్టేరోజు సాయానికొచ్చేవాళ్లకు ఉగ్గాని చేసి పెట్టాలి, దానికి బొరుగులు, అంటే మరమరాలు. ఒడియాలు హనుమక్క కోరిక. అవి ఆరబెట్టడానికి తెల్లగుడ్డ. ఎరువు అంటే వానపాముల ఎరువు. దానికి ముందు గుంత. వానపాములకు నీడ కావాలి, కొండప్ప చేనంతటికీ నీడ ఒక్కచోటే ఉంది. గట్టున వేపచెట్టు కింద, వాళ్లమ్మ సమాధి పక్కన. ఫోటో అంటే కొండప్ప పెళ్లి ఫోటో. హనుమక్క ఉన్న సగం చెదలు తినేశాయి. మిగిలిన సగాన్నయినా పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలి. ఆ పని నేను చేస్తా, కళ్యాణదుర్గం పోతా అంది మౌనిక.

పట్టీలో ఆఖరున ఉన్న మాట దగ్గరికి వచ్చేసరికి కొండప్ప నోరు ఆగిపోయింది. ఆ మాట 'అక్క'.

అక్క అంటే నారాయణమ్మ. తల్లి చేను పనికి పోతే కొండప్పను చంకనేసుకుని పెంచిన మనిషి. సోమందేపల్లెకు ఇచ్చారు. ఏడేళ్ల కింద మే నెలలో వాళ్లమ్మ చనిపోయినప్పుడు, పెనుకొండ బస్టాండులో ఉండా, బస్సు రాలేదు, నేను వచ్చేదాకా ఎత్తొద్దండి, అమ్మ మొగం చూడల్ల అని కబురు పంపింది. మూడు గంటల దాకా ఆగారు. ఎండకు శవం ఆగదని పెద్దలు తొందరపెట్టారు. కొండప్ప సరేనన్నాడు. పొద్దు గూకే వేళకు నారాయణమ్మ వచ్చేసరికి మన్ను కప్పేసి ఉంది. "అమ్మ మొగం చూడనీలేదు కదరా నువ్వు" అని ఒకే మాట అని, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెనక్కి పోయింది. అంతే. ఆ తర్వాత ఫోను లేదు, మాట లేదు. ఆమె నంబరు కూడా మారిపోయింది. దినాలు అయిన మరునాడే కొండప్ప సుద్దముక్క తీసుకుని గోడ మీద మొట్టమొదట రాసిన మాట అదే. మిగతా పదీ దాని పైన రాశాడు, అది అడుగున పడి కనబడకుండా ఉంటుందని.

"అత్తతో మాట్లాడల్లంటే మొదట చెయ్యి చేసే పని ఏంది నాయనా?" అంది మౌనిక, ఈసారి మెల్లగా.

కొండప్ప మంచం తాడు ఒకటి బిగించాడు. "నంబరు కావల్ల మా."

"ఎవురికి తెలుస్తాది?"

"కంబదూరు బయ్యన్న బామ్మర్దిది సోమందేపల్లెనే."

మౌనిక రాసింది. ప్రతి చీటీ కింద 'ఈరోజే' అని గీత కొట్టి మరీ రాసింది. తేదీ లేని పని పని కాదని ఆమె ఆఫీసు పద్ధతి. ఏ చీటీలోనూ ఏ పని ఎందుకో మాత్రం రాయలేదు. చేసేవాడికి పని తెలిస్తే చాలు, ప్రాజెక్టు తెలియాల్సిన పనిలేదు అనేదీ ఆమె ఆఫీసు పద్ధతే. బెంగళూరులో అది బాగానే నడుస్తుంది.

తర్వాత పాత పట్టీని ఒంటి చేత్తో తుడిచేసింది. ఏడేళ్ల సుద్దపొడి ఒక్కసారిగా లేచి కళ్లలో పడింది. కళ్లు నలుపుకుంటూనే వీధిలోకి పోయి, ఒక చీటీ పొరుగింటి సుంకప్పకు ఇచ్చి, మిగతా మూడూ కంబదూరు పోయే పాలవ్యాను డ్రైవరు చేతిలో పెట్టి, ఎదురుగా వచ్చిన కళ్యాణదుర్గం బస్సెక్కింది. హనుమక్క అప్పటికే ఉపాధి పనికి పోయి ఉంది.

ఇంట్లో కొండప్ప మిగిలాడు. అతని చేతిలో ఏ చీటీ లేదు. నంబరు వచ్చేదాకా కాచుకోవడమే అతని వంతు. వస్తే ఏం మాట్లాడాలో రాత్రంతా ఆలోచిస్తూ ఉండాల్సివస్తుందని పొద్దున్నే భయపడిపోయి, ఫోను స్విచ్ ఆఫ్ చేసి ఛార్జింగుకు పెట్టి, తడిపిన తెల్ల తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు.

*

కంబదూరులో ఇమాం హుస్సేన్‌ది కిరాణా కొట్టు. ఒక పక్క పప్పులు, ఇంకో పక్క గుడ్డలు. అతనూ కొండప్పా ఒకే బెంచీ మీద కూర్చుని నాలుగో తరగతి తప్పారు. చీటీ చదివి చదివి అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "బొరుగులు పది శేర్లు. తెల్లగుడ్డ ఐదు మీటర్లు. ఈరోజే."

ఆ సీమలో బొరుగులు పొద్దున పళ్లెంలో ఉంటాయి, ఆఖరి ప్రయాణంలో దారి పొడుగునా ఉంటాయి. తెల్లగుడ్డ పక్కన పెడితే ఆ బొరుగులు ఎటు పోతాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అంతలో రోడ్డవతల వెదురు డిపో నడిపే బయ్యన్న చేతిలో రెండు చీటీలతో వచ్చాడు. "ఇమామన్నా, ఇదొకసారి చూడప్పా."

మొదటిది: "ఎనిమిదడుగుల వెదురు బొంగులు రెండు. కొబ్బరితాడు. ఈరోజే." రెండోది: "సోమందేపల్లెలో నారాయణమ్మ నంబరు కనుక్కోవాలి. ఈరోజే. అన్నిటికంటే ముందు."

ఇద్దరూ మూడు చీటీలను గల్లాపెట్టె మీద వరసగా పెట్టి చూశారు.

"కొండన్న ఎప్పుడన్నా చీటీ పంపినాడా?" అన్నాడు బయ్యన్న.

"వానికి చీటీ రాయనొస్తే నాలుగో తరగతి యాల తప్పుతాడు? వాడే వస్తాడు. రెండు టీలు తాగుతాడు. ఏం కొనల్లనో మర్చిపోయి పోతాడు." ఇమాం హుస్సేన్ చీటీని మళ్లీ వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది పాప రాత."

పాలవ్యాను డ్రైవరును పిలిచి అడిగారు. "కొండన్న కనపడలేదు. పాప ఇచ్చింది. కండ్లు ఎర్రగా ఉండాయి, తుడుచుకుంటాంది. ఏమీ చెప్పలేదు" అన్నాడు వాడు.

కొండప్పకు ఫోను చేశారు. స్విచ్ ఆఫ్. ఆఖరికి బయ్యన్న సుంకప్పకు చేశాడు.

"సుంకప్పా, యాడుండావు?"

"కొండన్న చేన్లో. గుంత తవ్వుతాండా."

"ఏం గుంత?"

"ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. వాళ్లమ్మ సమాధి పక్కనే. చీటీలో అట్ల ఉండాది."

బయ్యన్న గల్లాపెట్టె పట్టుకున్నాడు. "ఎవురికని రాసినారు?"

"రాయలే. లోతు కూడా రాయలే. అడుగుదామని ఇంటికి పోయినా. మనిషి మంచం మీద ఉండాడు, మొగం మీద తెల్లగుడ్డ. నాలుగుసార్లు పిలిచినా. పలకలే."

"మళ్ల నువ్వేం చేసినావు?"

"పలకకపోతే ఏం చేస్తాము. ఆరడుగులు దించుదామని వచ్చేసినా."

చీటీలో ఉన్నది నంబరు కనుక్కోమని మాత్రమే. కానీ బయ్యన్నలాంటి మంచి మనిషికి ఒక పని చెప్తే దానితో ఆగడు, ప్రాజెక్టు మొత్తం పూర్తి చేసి పెడతాడు. బామ్మర్దితో నంబరు తెప్పించాడు, నారాయణమ్మకు ఫోను చేశాడు, కళ్లు తుడుచుకుంటూ చెప్పాల్సిందంతా చెప్పేశాడు. పావుగంటలో ట్రాలీ ఆటోలో బొంగులు, తాడు, బొరుగుల మూట, తెల్లగుడ్డ, పన్నెండుమంది మనుషులు ముళ్లగుట్టపల్లె దారి పట్టారు. దారిలో చేతులెత్తి ఆపిన వాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చారు.

*

కొండప్పకు నిద్రలో ఎవరో ఏడుస్తున్నట్టు వినబడింది. ఎవరింట్లోనో ఏదో అయినట్టుందే, పోవాలి అనుకున్నాడు. కాసేపటికి ఏడుపు తన ఛాతీ మీదే ఉందని తెలిసింది. ఎవరో తలపెట్టి ఏడుస్తున్నారు.

"ఎంత పని చేస్తివి మామా," అంటున్నాడు ఇమాం హుస్సేన్. "నాలుగో తరగతిలో నా పలక పగలగొట్టినావు. ఒక్కనాడన్నా అడిగినానా? ఒక్క మాట అన్నానా?"

"అది నేను పగలగొట్టలే" అన్నాడు కొండప్ప తువ్వాలు కింది నుంచి. "నువ్వే దాని మీద కూర్చున్నావు."

తర్వాత జరిగింది కొండప్పకు సరిగా కనబడలేదు. తువ్వాలు తీసేసరికి గదిలో ఎవరూ లేరు. ఒక బొరుగుల మూట పగిలి నేలంతా తెల్లగా ఉంది. బయట ట్రాలీ ఆటో కింద ఒకరి కాళ్లు కనబడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఉపాధి పని నుంచి పార భుజాన వేసుకుని హనుమక్క వచ్చింది. వాకిట్లో ఆడవాళ్లు నలుగురు ఆమెను చుట్టుకుని ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

"ఎవురే చచ్చింది?"

"నువ్వు కూర్చో అక్కా. గుండె గట్టిగా చేసుకో. మీ ఆయన... మంచం మీది నుంచి లేసినాడు."

"పది గంటలాయె, లేయకుండా ఏం చేస్తాడు" అంది హనుమక్క. అప్పుడు ఆటోలో బొంగులు చూసింది, తెల్లగుడ్డ చూసింది, ఎవరో ఆమె చేతి గాజుల వైపు జాలిగా చూడటం చూసింది. పార కిందికి దించింది. "నా గాజుల మీద ఎవురన్నా చెయ్యేస్తే మాత్రం ఇప్పుడే ఇంకొకరు చస్తారు."

కొండప్ప లోపలి నుంచి నడిచొచ్చాడు. ఒకరు తాకి చూశారు, ఇంకొకరు గిల్లి చూశారు. చీటీలు చేతులు మారాయి. ఏది కొట్టానికో, ఏది ఒడియాలకో కొండప్ప వేళ్లు పెట్టి చెప్పాడు. ఒక్కొక్కరుగా నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు వీధి చివరిదాకా పోయింది. ఇమాం హుస్సేన్ మాత్రం నవ్వలేక ఏడవలేక అరుగు మీద కూర్చుని, "నేను దాని మీద కూర్చోలే" అంటున్నాడు. మిగిలిన బొరుగులు నానేస్తా, వచ్చినోళ్లు తిని పోండి అని హనుమక్క పొయ్యి అంటించింది.

నవ్వనివాడు ఇంకొకడు ఉన్నాడు. బయ్యన్న గోడకు ఆనుకుని నిలబడి ఫోను వైపు చూస్తున్నాడు.

"ఏమప్పా బయ్యన్నా, నేను బతికింది నీకు బాలేదా?"

"కొండన్నా... నేను నారాయణక్కకు చెప్పేసినా."

ఆ మాట అంటుండగానే ఫోను మోగింది. బయ్యన్న తీయబోతే వేలు తగిలి స్పీకరు నొక్కుకుంది.

"బయ్యన్నా. పెనుకొండ బస్టాండులో ఉండా నేను." ఏడేళ్లలో ఆ గొంతు బొంగురుపోయింది. "బస్సు కోసరం చూస్తాండా. నేనొచ్చేదాకా ఎత్తొద్దండప్పా. ఈసారన్నా ఎత్తొద్దండి."

వాకిట్లో నవ్వులన్నీ ఆగిపోయాయి. బయ్యన్న నోరు తెరిచి కొండప్ప వైపు చూశాడు. కొండప్ప అడ్డంగా తలూపాడు. "పెట్టే ఉండాము అక్కా" అన్నాడు బయ్యన్న, నిజమా అబద్ధమా తెలియని గొంతుతో. ఫోను ఆగింది.

"అది పాపం కాదా అయ్యా?" అంది హనుమక్క. "ఏడ్చుకుంటా వస్తాంది మనిషి. చెప్పెయ్."

"చెప్తే ఆ బస్టాండు నుంచే వెనక్కి పోతాది. నేను బతికుండంగా ఈ ఇంటికి రాదు అది." కొండప్ప అరుగు మీద కూలబడ్డాడు. "చచ్చినానంటేనే వస్తాది. రానీ. వచ్చినాక కొడితే కొట్టనీ."

అట్లా కొండప్ప ఆ పూటకు చచ్చే ఉందామని తీర్మానించుకున్నాడు. చావడం అంత సుళువేం కాదు. పక్క ఊళ్ల నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. ప్రతి ఒక్కరికీ మొదట బతికే ఉన్నానని చెప్పాలి, తర్వాత ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని బతిమాలాలి. పెద్ద కర్మ ఎప్పుడని ఒకాయన ఎదురుగా నిలబడి అతన్నే అడిగాడు. ఉగ్గాని పళ్లెం పట్టుకుని తలుపు వెనక నిలబడి తిన్నాడు.

పన్నెండు గంటలకు మౌనిక బస్సు దిగింది. చంకలో వాళ్ల నాయన పెద్ద ఫోటో, ఫ్రేముతో సహా. కంబదూరు మీదుగా పాకిన వార్త బస్సులోనే ఆమె చెవిన పడింది. ఇంటిదాకా ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. తలుపు వెనక నిలబడి ఉన్న తండ్రిని చూసి, ఫోటో కింద పెట్టి, గోడకు ఆనుకుని జారి కూర్చుంది. అప్పుడు నాలుగు చీటీలూ ఆమె ముందు పెట్టారు.

"ఏ చీటీలోనూ తప్పు లేదమ్మా" అన్నాడు ఇమాం హుస్సేన్. "వేరువేరుగా చూస్తే బంగారమట్ల పనులు. పక్కపక్కన పెడితే శవం లేసింది."

"ప్రాజెక్టు పేరు రాసింటే సరిపోయేది నాయనా. ఎందుకో ఒక మాట రాసింటే..."

"ఏడ్వొద్దు మా. కొట్టానికని రాయొచ్చు, ఎరువుకని రాయొచ్చు." కొండప్ప నంబరు చీటీని వేలితో తిప్పుతున్నాడు. "దీని మీద ఎందుకని రాస్తావు?"

*

పన్నెండున్నరకు మళ్లీ ఫోను మోగింది. ఈసారి అందరూ దాని చుట్టూ కూర్చుని ఉన్నారు.

"బయ్యన్నా, ఇంగా పెనుకొండలోనే ఉండా. బస్సు రాలేదప్పా." బస్టాండు గోలలో మాటలు తెగితెగి వస్తున్నాయి. "ఎండెక్కింది. తడిగుడ్డ కప్పండి వాని మీద. మొగం మీద వద్దు. మొగం నేను చూడల్ల."

మౌనిక తండ్రి చెవిలో చెప్పింది, గంటకొక బస్సు ఉంటుందని. కొండప్ప వినలేదు. అతనికి ఆ మే నెల గుర్తొచ్చింది. ఆ రోజు కూడా ఇవే మాటలు. బస్సు రాలేదు, ఎత్తొద్దండి, మొగం చూడల్ల. వాకిట్లో పెద్దలు తొందరపెడుతుంటే తాను సరేనన్న ఆ ఒక్క క్షణం గుర్తొచ్చింది. ఇప్పుడు మళ్లీ ఆమె అదే బస్టాండులో, అదే ఎండలో.

ఫోను ఇంకా ఆగలేదు. తర్వాత నారాయణమ్మ అడిగింది. "బయ్యన్నా... రేతిరి వాడు తిన్నాడా?"

కొండప్ప లేచాడు. ఇంత పెద్ద పనిలో ముందు చెయ్యి చేయాల్సిన పని ఏదో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బయ్యన్న చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"తిన్నా అక్కా. రేతిరి సంగటి తిన్నా. నేను కొండని. బతికే ఉండా. చీటీల్లో తప్పు జరిగింది."

అవతల బస్సు హారన్ ఒకటి వినబడింది. ఎవరో ఏదో ఊరి పేరు అరుస్తున్నారు. తర్వాత ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

ఉన్న ఒక్క అవకాశాన్ని ఈ మనిషి చేజేతులా పోగొట్టుకున్నాడని అందరి మొహాల్లోనూ ఉంది. ఇమాం హుస్సేన్ ఒకసారి భుజం తట్టి ఆటో ఎక్కాడు. బయ్యన్న బొంగులు దించి కొట్టం పక్కన పేర్చి పోయాడు. రెండు గంటలకు ఒళ్లంతా ఎర్రమన్నుతో సుంకప్ప వచ్చాడు.

"కొండన్నా, లేసినావా. గుంత ఆరడుగులు దిగినా. ఇంగా దించల్లనా?"

"వానపాములకు అంత లోతు యాల రా?"

సుంకప్ప చేతులకున్న మన్ను దులుపుకున్నాడు. "వానపాములా," అన్నాడు. "పొద్దున్నుంచి నేను ఏడ్చుకుంటా తవ్వినా కదన్నా."

*

అయిదు దాటాక ఊరి ముందర బస్సు ఆగిన చప్పుడైంది. కొండప్ప తల కూడా ఎత్తలేదు. వాకిట్లో నీడ పడినప్పుడు చూశాడు.

నారాయణమ్మ మనిషి సగమైంది. చేతిలో గుడ్డసంచి ఉంది. చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా వచ్చి, అతని గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. బర్రెను కొనేవాళ్లు కూడా అంత శ్రద్ధగా చూడరు.

"చిక్కినావు" అంది. తర్వాత హనుమక్క వైపు తిరిగి, "నీల్లియ్యి పాపా" అంది.

చెంబెడు నీళ్లూ తాగింది. హనుమక్క చెంబు తీసుకుపోతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ అరుగు మీద, మధ్యలో ఒక మనిషి కూర్చునేంత జాగా వదిలి కూర్చున్నారు.

"అక్కా, ఆ పొద్దు ఇంకొక గంట ఆగుంటే బాగుండు. మూడు గంటల దాకా ఆగినా. వాళ్లు ఎండ ఎండ అంటాండారు, నాకు ఏం తోచలే..."

"నోర్ముయ్. నన్ను చెప్పనీ." నారాయణమ్మ సంచి తాడు వేలికి చుట్టుకుంటూ ఉంది. "ఆ పొద్దు బస్సు రాలేదంటి కదా నేను. వచ్చింది. ఒకటి కాదు, మూడు వచ్చినాయి."

కొండప్ప ఆమె వైపు చూశాడు.

"ఎక్కడానికి కాళ్లు రాలే. పోతే అమ్మ మొగం చూడల్ల. చూస్తే అమ్మ లేదనేది నిజమైపోతాది. ఒక బస్సు పోనిచ్చి కూర్చుంటే ఇంకొక గంట అమ్మ ఉన్నట్టే ఉండె. అట్ల కూర్చుంటి. నాలుగోదానికి ఎక్కినా. వచ్చి చూస్తే మన్ను కప్పి ఉండాది. అప్పుడు ఎవురో ఒకరిని అనల్ల కదా. నువ్వు ఎదురుగా ఉంటివి."

వాకిట్లో కోడి ఒకటి రాలిన బొరుగులు ఏరుకుంటోంది. మౌనిక తలుపు దగ్గర నిలబడిపోయింది.

"నేను ఆగుంటే...?"

"ఆగినా నేను వచ్చేదాన్ని కాదు రా. చీకటి పడేదాకా వచ్చేదాన్ని కాదు. నువ్వు మంచిగానే ఆగినావు."

ఏడేళ్లు మోసిన నేరం తనది కాదని తెలిస్తే మనిషి తేలికపడాలి. కొండప్పకు అట్లా ఏమీ అనిపించలేదు. ఇన్నాళ్లూ తప్పు తనదే అయితే, తల్లి కోసం అక్క పరుగెత్తుకుంటూ వచ్చిందన్న మాట ఒకటి మిగిలి ఉండేది. ఇప్పుడు అదీ లేదు. కూతురు చూడకుండానే అమ్మ పోయింది, అంతే. అక్క అక్కడ బస్టాండు బెంచీ మీద ఒక్కతే కూర్చుని బస్సులు లెక్కపెట్టుకుంటూ ఉంది. తాను ఇక్కడ ఎండ చూసుకుంటూ ఉన్నాడు. తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఈసారి పొద్దున ఏడవని వాళ్లు కూడా వచ్చి ఏడ్చారు.

"ఈపొద్దు?" అని అడిగాడు చాలాసేపటి తర్వాత.

"ఈపొద్దు కూడా రెండు వదిలేసినా. బస్సు రాలేదని బయ్యన్నకు చెప్పింది అబద్ధమే." నారాయణమ్మ మొహం తిప్పుకుంది. "నువ్వు సంగటి తిన్నా అంటివే, అప్పుడు ఎక్కినా. చచ్చినోళ్ల కాడికి పోవడం నాకు చేతకాదు రా కొండా. బతికుండేవాళ్ల కాడికయితే వస్తా. ఎవురూ పిలవకపోతిరి."

ఆ సాయంత్రం అందరూ కలిసి తిన్నారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. ఏడేళ్లను ఒక పూటలో మాట్లాడటం ఎవరికీ కుదరదు. ఎవరు పోయారు, ఎవరికి పిల్లలు, ఏ బోరులో ఇంకా నీళ్లున్నాయి అనే వరకూ వచ్చి ఆగారు. ఇంట్లో మేకలున్నాయి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను, పొద్దున మొదటి బస్సుకే పోతా, నిద్రపడితే లేపు అని చెప్పి నారాయణమ్మ కొండప్ప మంచం మీదే పడుకుంది. కొండప్ప అలాగేనన్నాడు.

తెల్లవారి మొదటి బస్సు ఊరి ముందర ఆగింది. కొండప్ప అప్పటికే రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఇంట్లో నారాయణమ్మ గోడ వైపు తిరిగి, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది.

కండక్టరు తలుపులోంచి తొంగి చూశాడు. "ఎవురన్నా ఎక్కేవాళ్లు ఉండారా అన్నా?"

"ఎవురూ లేరు, పో నాయనా" అన్నాడు కొండప్ప. పూటంతా చచ్చి ఉన్న మనిషికి ఈపాటి అబద్ధం ఒక లెక్కలోది కాదు.